ఫ్లోరిడాలో హరికేన్ గ్రాంట్ - తలుపు పైన చిన్న అద్దం దగ్గర ఇరుక్కుపోయా

మేముండేది టాంపా దగ్గర, ఇల్లు 1998లో కట్టింది. 2022 సెప్టెంబర్‌లో ఇయన్ హరికేన్ మా మీదకే అన్నారు, కిటికీలకి ప్లైవుడ్ కొట్టుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంటే అది దక్షిణానికి తిరిగింది. అప్పట్నించీ మా ఆవిడది ఒకటే గొడవ, కిటికీలు మార్పించమని. ఆఫీసులో ఒకాయన మై సేఫ్ ఫ్లోరిడా హోమ్ (హరికేన్‌కి తట్టుకునేలా ఇల్లు గట్టిచేసుకోడానికి స్టేట్ ఇచ్చే గ్రాంట్) గురించి చెప్తే 2023లో అప్లై చేశా.

లెక్కేంటంటే మనం 1 డాలర్ పెడితే స్టేట్ 2 పెడుతుంది, మాక్సిమం 10,000. అంటే 15,000 పనికి మన జేబులోంచి 5,000. కాకపోతే ముందు మొత్తం మనమే కట్టాలి, పనయ్యాక చెక్కు. అప్రూవల్ రాకముందే పని మొదలెట్టారంటే గ్రాంట్ మర్చిపోవచ్చు. (2024లో రూల్స్ మార్చారు, తక్కువ ఆదాయం వాళ్ళకి ముందు ఛాన్స్, వాళ్ళలోనూ 60 దాటినవాళ్ళకి ఇంకా ముందు.)

ఫస్ట్ ఫ్రీ ఇన్‌స్పెక్షన్. వచ్చినాయన ఆ ఎండలో యాటిక్ (కప్పు కింద ఉండే ఖాళీ) ఎక్కి, కప్పుని గోడకి పట్టి ఉంచే హరికేన్ క్లిప్పులకి ఒక్కోదానికి మూడు మేకులున్నాయో లేదో లెక్కపెట్టి, పక్కన టేప్ పెట్టి మరీ ఫోటోలు తీశాడు. అప్పుడు మా నాన్న ఇక్కడే ఉన్నారు. అమలాపురం మనిషి, 96 తుఫానుకి కొబ్బరి తోట మొత్తం పోగొట్టుకున్నాయన. "గాలివాన పోయాక సాయం ఇవ్వడం చూశాను గానీ రాకముందే ఇస్తారేంట్రా" అని ఆయనకి ఒకటే ఆశ్చర్యం.

కప్పు ఓకే, కిటికీలూ గరాజ్ డోరూ మార్చమని రిపోర్ట్ వచ్చింది. నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే అది పూర్తిగా చదవకుండా కాంట్రాక్టర్ కొటేషన్ మీద సంతకం పెట్టేయడం. ఇంపాక్ట్ కిటికీలు (గాలికి ఎగిరొచ్చినవి తగిలినా తట్టుకునేవి), గరాజ్ డోర్ వేశారు, 19,000 అయింది, ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన గుమ్మం బయట నిలబడి పైకి చూసి, మరి దీని సంగతేంటి అన్నాడు. మెయిన్ డోర్ మీద అర్ధచంద్రాకారంలో చిన్న అద్దం! ఇన్సూరెన్స్ ఫారంలో ఇంటికి అన్నిటికన్నా బలహీనమైన ఓపెనింగ్ (కిటికీ, తలుపు, అద్దం) ఏదుంటే రేటింగ్ దానికే ఇస్తారు, అదొక్కటి వదిలేస్తే మిగతా కిటికీలన్నీ మార్చినా ఇన్సూరెన్స్‌లో వాటికిచ్చే డిస్కౌంట్ రాదు. కొటేషన్‌లో అసలా అద్దమే లేదు, కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తే మీరు అడగలేదుగా అన్నాడు. ఇంకో 900 పెట్టి, ఏడు వారాలు ఆగి అది మార్పించా. మళ్ళీ ఇన్‌స్పెక్షన్, ఇన్వాయిస్‌లు, చివరికి 2024 సమ్మర్‌లో చెక్కు వచ్చింది.

అక్టోబర్‌లో మిల్టన్ హరికేన్ వచ్చిన రాత్రి కరెంటు పోయింది, ఫెన్స్ పడిపోయింది. నాన్న అమలాపురం నించి గంటకోసారి ఫోన్, హలో కూడా లేదు, "ఆ తలుపు మీద అద్దం ఉందా?"