పేరు పాతదే, చిరునామా కొత్తది

విండోస్ సర్వర్ 2012 ఆర్2కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2023 అక్టోబర్ 10తో ముగియడంతో, నేను నెట్‌వర్క్ చూసే ఒక చిన్న కార్యాలయంలో దానితో నడిచే పాత సర్వర్ చేసే పనులన్నిటినీ, అంటే డొమైన్ (కార్యాలయంలోని కంప్యూటర్లను, ఖాతాలను ఒక్కచోట నిర్వహించే ఏర్పాటు), డీఎన్‌ఎస్ (పేరు అడిగితే దాని నెట్‌వర్క్ చిరునామా చెప్పే సేవ), డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు చిరునామాలు, నెట్‌వర్క్ వివరాలు పంచే సేవ), ఉమ్మడి ఫోల్డర్లను, సర్వర్ 2022 ఉన్న కొత్త యంత్రానికి తరలించాను. అందరి నెట్‌వర్క్ డ్రైవ్‌లూ సర్వర్‌కున్న ఒకే పేరు మీద ఉన్నందున ఆ పేరును అలాగే ఉంచి, డీఎన్‌ఎస్‌లో చిరునామా మాత్రం మార్చి, శనివారం పాత సర్వర్‌ను ఆపివేశాను. సోమవారం ఉదయం కొందరికి ఫోల్డర్లు మామూలుగానే తెరుచుకున్నాయి, కొందరికి సర్వర్ కనబడలేదు. కనబడనివారికి కూడా ఇంటర్నెట్ చక్కగా వస్తుండటం వల్ల డీఎన్‌ఎస్ మీదికి నా అనుమానం చాలాసేపు పోలేదు.

కొత్త సర్వర్‌ను చిరునామాతో పింగ్ (అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే ఆదేశం) చేస్తే జవాబు వచ్చింది, పేరుతో చేస్తే రాలేదు. కంప్యూటర్ నెట్‌వర్క్ వివరాలు చూపే ఐపీకాన్ఫిగ్‌లో చూస్తే, ఇబ్బంది పడుతున్న కంప్యూటర్లలో మొదటి డీఎన్‌ఎస్‌గా ఆపివేసిన పాత సర్వర్, రెండోదిగా ఇంటర్నెట్ రౌటర్ ఉన్నాయి. పాత సర్వర్ పలకకపోవడంతో విండోస్ రౌటర్‌ను అడుగుతోంది. బయటి పేర్లన్నీ చెప్పగల ఆ రౌటర్‌కు మా లోపలి డొమైన్ తెలియదు కనుక, అలాంటి పేరే లేదని చెబుతోంది. లేదన్నదీ జవాబే కాబట్టి విండోస్ అక్కడితో వెతకడం మానేస్తుంది. ఆపదలో అక్కరకొస్తుందని చాలామంది రెండో డీఎన్‌ఎస్‌గా రౌటర్‌నో గూగుల్ డీఎన్‌ఎస్ అయిన 8.8.8.8నో పెడతారు, డొమైన్‌లో ఉన్న కంప్యూటర్‌కు అది తప్పనే నా గట్టి అభిప్రాయం. బయటి పేర్ల కోసం అటువంటి చిరునామాలను డీఎన్‌ఎస్ సర్వర్‌లోనే ఫార్వర్డర్లుగా, అంటే తనకు తెలియని పేర్లను అది అడగవలసిన చోట్లుగా, ఇవ్వాలి.

సోమవారం కొత్తగా ఆన్ చేసిన కంప్యూటర్లు లీజును (డీహెచ్‌సీపీ కొంత గడువుకు ఇచ్చే చిరునామా, వివరాలను) మళ్లీ అడిగి సరైన డీఎన్‌ఎస్ చిరునామా తెచ్చుకున్నాయి. సెలవు రోజుల్లోనూ నడుస్తూనే ఉన్నవి పాత లీజుతోనే ఉండిపోయాయి. విండోస్ డీహెచ్‌సీపీలో లీజు గడువు మామూలుగా 8 రోజులు. సగం గడువుకు కంప్యూటర్ తనకు లీజు ఇచ్చిన సర్వర్‌నే అడుగుతుంది. అది పలకకపోతే, 8లో 7 వంతుల గడువు గడిచాకే నెట్‌వర్క్‌లోని మరే సర్వర్‌నైనా అడుగుతుంది. తరలింపుకు ఒక వారం ముందే ఆ గడువును కొన్ని గంటలకు కుదించి ఉండవలసింది. ఇప్పుడు మాత్రం డీహెచ్‌సీపీ ఇచ్చే డీఎన్‌ఎస్ జాబితా నుంచి రౌటర్‌ను తీసివేసి, ఒక్కొక్క కంప్యూటర్ దగ్గరికీ వెళ్లి లీజును రెన్యూ చేయించి, పాత జవాబులు మిగలకుండా కంప్యూటర్ గుర్తుంచుకునే డీఎన్‌ఎస్ క్యాష్‌ను ఫ్లష్ (ఖాళీ) చేశాను.

అకౌంట్స్ విభాగంలోని ఒక కంప్యూటర్ అప్పటికీ లొంగలేదు. అక్కడ ఎన్‌ఎస్‌లుకప్ కొత్త చిరునామా చూపుతుంటే, పింగ్ పాతదానికే వెళ్తోంది. ఎన్‌ఎస్‌లుకప్ నేరుగా డీఎన్‌ఎస్ సర్వర్‌ను అడుగుతుంది. పింగ్ విండోస్ చెప్పిన చిరునామాను తీసుకుంటుంది, విండోస్ ఆ కంప్యూటర్‌లోనే పేర్లు, చిరునామాలు రాసి ఉండే హోస్ట్స్ ఫైలులో ఉన్నదానినే ముందుగా నమ్ముతుంది. ఆ ఫైలు తెరిస్తే, ఎప్పుడో ఎవరో అవసరానికి రాసిన పాత చిరునామా ఒక్క వరుసలో ఉంది. దానిని తీసివేసి సేవ్ చేయగానే ఆ కంప్యూటర్‌లోనూ ఫోల్డర్ తెరుచుకుంది.