టెండరులో మూడు లైన్లు, మా షెడ్డులో కొత్త ఓవెన్

మాది ఆఫీసు బల్లలు, కుర్చీలు, బీరువాలు తయారుచేసే చిన్న యూనిట్. మా సరుకులో దాదాపు మూడో వంతు ప్రభుత్వ ఆఫీసులే కొంటాయి. అందుకే టెండరులో ఏ షరతు మారినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు.

'పర్యావరణ హితం' అనే మాట టెండరులో మొదటిసారి కనిపించినప్పుడు దానికి నూటికి 5 మార్కులు. ధరకేమో 70. ఆ ఐదూ పోతే పోనీ, ధర కాస్త తగ్గిద్దాం అనుకున్నాను. ఆర్డరు వచ్చింది. పెయింటు గదిలో అదే థిన్నరు వాసన, అవే డబ్బాలు. ఇప్పుడు చెప్పుకోవడానికి మొహమాటంగా ఉంది గానీ, అప్పుడైతే తెలివైన పని చేశాననే అనుకున్నాను.

రెండేళ్ల తర్వాత వచ్చిన టెండరులో మార్కుల ఊసే లేదు. చెక్క బోర్డులోని జిగురు నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు ఇ1 అనే పరిమితి దాటకూడదు. ఇనుప భాగాలకు సాల్వెంట్ పెయింటు, అంటే థిన్నరు లాంటి ద్రావకంతో కలిపేది, వాడకూడదు. విడి భాగాలు ఐదేళ్లపాటు దొరకాలి. వీటిలో ఏది లేకపోయినా ధర కవరు తెరవనే తెరవరు. గెలిస్తే మాత్రం మూడేళ్ల రేటు కాంట్రాక్టు, అంటే ఒప్పుకున్న రేటుకు మూడేళ్లపాటు సరఫరా.

నిజం చెప్పాలంటే, టెండరు వేసేముందు సందేహాలు అడిగే ప్రీ-బిడ్ మీటింగుకు ఆ షరతులు తీసేయమని అడగడానికే వెళ్లాను. తీసేయలేదు. గడువు మాత్రం రెండు వారాలు పొడిగించారు.

అసలు టెన్షన్ బోర్డు రిపోర్టుతో వచ్చింది. ఇ1 అంటే, మూసిన గదిలో బోర్డును ఉంచి పరీక్షిస్తే ఘనపు మీటరు గాలిలో ఫార్మాల్డిహైడ్ 0.124 మిల్లీగ్రాములకు మించకూడదు. ఆ పరీక్షకు నాలుగు వారాల దాకా పట్టొచ్చు. మా చేతిలో అంత టైమ్ లేదు. బోర్డు సప్లయర్‌కు ఫోన్ చేస్తే, "రిపోర్టు ఉందండీ, ఎగుమతికి అదే రకం పంపుతాం. మీరెప్పుడూ అడగలేదు కదా" అన్నాడు! ఇన్నేళ్లుగా మంచి బోర్డు బయటికి, మామూలుది మాకు. ధరలో తేడా నేను భయపడినంత లేదు.

ఇక సాల్వెంట్ పెయింటుకు బదులు పెట్టిన పౌడర్ కోటింగ్. ఇందులో సాల్వెంట్ ఉండదు కాబట్టి గాలిలోకి ఆవిరయ్యేది దాదాపు ఏమీ లేదు. కరెంటు చార్జ్ ఎక్కించిన పొడి ఇనుముకు అంటుకుంటుంది, 180-200 డిగ్రీల ఓవెన్‌లో కరిగి గట్టిపడుతుంది. కింద రాలిన పొడిని పట్టుకుని మళ్లీ వాడొచ్చు. వినడానికి బాగానే ఉంది. మొదటి నెలలో మాత్రం ఫ్రేముల లోపలి మూలలన్నీ నగ్నంగా మిగిలాయి. మూలల్లోకి పొడి సరిగా వెళ్లదని అప్పుడే తెలిసింది. ఫ్రేములు వేలాడదీసే కొక్కేలకు పాత పొడి పేరుకుని ఎర్త్ సరిగా అందకపోవడం ఇంకో తలనొప్పి. కొక్కేలు గీకడమే ఒక మనిషికి రోజంతా పని అయింది.

ఓవెన్‌కు బ్యాంకు అప్పు ఎలా దొరికిందంటారా? మూడేళ్ల కాంట్రాక్టు కాగితం చూపించాను. ఒక్క ఏడాది ఆర్డరయితే బ్యాంకు ఇచ్చేది కాదు, నేనూ అడిగేవాణ్ణి కాదు. నన్ను మార్చింది పర్యావరణం మీద ప్రేమ కాదు. షరతు అందరికీ ఒకటే కావడం, మూడేళ్లు నిలబడుతుందన్న నమ్మకం.

అందరికీ ఒకటే అన్నాను గానీ, అందులోనూ ఒక చేదు ఉంది. మాతోపాటు ఎంపికైన ఇంకొకరు పరీక్ష రిపోర్టు పెట్టలేదు. తమ లెటర్‌హెడ్ మీద ఆకు బొమ్మతో ఒక ప్రకటన పెట్టారు, అంతే. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఐఎస్‌ఓ 14021 కింద తయారీదారు సొంతంగా చెప్పుకునే మాట వేరు, 14024 కింద మూడో పక్షం పరీక్షించి ఇచ్చే లేబుల్ వేరు. టెండరులో రాసింది మాత్రం 'ధ్రువపత్రం' అని. ఏ రకమో రాయలేదు. అభ్యంతరం పెట్టాను, పట్టించుకోలేదు. ఆయన బల్లను ఎవరూ ల్యాబుకు పంపలేదు కూడా.

ఇంకో సంగతి నేను ఊహించలేదు. ప్రైవేటు కస్టమర్లు ఇవేవీ అడగరు. కానీ ఒకే షెడ్డులో రెండు పెయింటు లైన్లు నడపడం దండగ. ఆరు నెలలకు థిన్నరు కొనడం మానేశాం. ఇప్పుడు అందరికీ వెళ్లేది పౌడర్ కోటింగ్ సరుకే. 1993లో అమెరికా ప్రభుత్వం తన ఆఫీసులకు ఎనర్జీ స్టార్ (కరెంటు తక్కువ వాడే పరికరాలకిచ్చే లేబుల్) కంప్యూటర్లే కొనాలని ఉత్తర్వు ఇచ్చాక ఆ లేబుల్ మార్కెట్ అంతటా పాకిందని ఎక్కడో చదివాను. పెద్ద కొనుగోలుదారు కోసం మార్చిన లైను మీదే మిగతావాళ్ల సరుకూ తయారవుతుంది మరి.

వచ్చే టెండరు ముసాయిదాలో పాత సామాన్లు వెనక్కి తీసుకోవాలని రాశారు. మా బల్లల్లో సగం కీళ్లు జిగురుతో అతికించినవే. నిన్నటి నుంచి ఒకదాన్ని విప్పడానికి తంటాలు పడుతున్నాం. రెండు చోట్ల బోర్డు చీలింది, మూడో చోట బోల్టు పెట్టి చూస్తున్నాం.