స్టెర్లింగ్‌లో పుపుస, పెపియాన్

అమెరికా రాజధాని వాషింగ్టన్ చుట్టుపక్కల స్థిరపడిన విదేశీయుల్లో అందరికంటే ఎక్కువ మంది మధ్య అమెరికా దేశమైన ఎల్ సాల్వడార్ వాళ్లే. 1980 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధంలో ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చినవారు, వాళ్ల వెనకాలే వచ్చిన బంధుగణం. ఉత్తర వర్జీనియాలో మా ఇళ్లకు పైకప్పులు వేసిందీ, రాత్రి మేం వెళ్లిపోయాక ఆఫీసు తుడిచేదీ చాలావరకు వాళ్లే. అయినా వాళ్లు ఏం తింటారని అడిగితే మనవాళ్లు తెల్లమొహం వేస్తారు. స్పానిష్ మాట్లాడేవాళ్లందరినీ మెక్సికో ఖాతాలో రాసేయడం మనకు అలవాటు. ఒకప్పుడు మద్రాసీలు అని పిలిపించుకుని ఉడుక్కున్న జాతి చేయాల్సిన పని కాదది.

ఉత్తర వర్జీనియాలోని స్టెర్లింగ్‌లో మా డేటా సెంటర్‌కు దగ్గర్లో సాల్వడార్, దాని పొరుగు దేశం గ్వాటెమాలా వంటలు చేసే హోటలు ఒకటి ఉంది. ఒక పక్క డబ్బులు వేసి బట్టలు ఉతుక్కునే దుకాణం, ఇంకో పక్క ఊరికి డబ్బు పంపే కౌంటరు. మధ్యాహ్నం వేళ పెయింటు మరకల ప్యాంట్లు, సిమెంటు పట్టిన బూట్లతో పనివాళ్లు కిటకిటలాడుతుంటారు. మెడలో ఆఫీసు కార్డులు వేలాడేసుకుని వెళ్లే మా గుంపే అక్కడ వింత.

మొదట తినాల్సింది పుపుస. మొక్కజొన్న పిండి ముద్ద తీసుకుని, మధ్యలో బొటనవేలితో గుంట చేసి, పూర్ణం పెట్టి, మూతి మూసి, తడి చేతుల మధ్య తిప్పుతూ తట్టి పెనం మీద వేస్తారు. వంటగది కిటికీ దగ్గర నిలబడి కళ్లు మూసుకుంటే అచ్చం జొన్నరొట్టె తట్టే చప్పుడే. లోపల పెట్టేది చీజు, మెదిపిన ఎర్ర చిక్కుడు గింజలు, మెత్తగా నూరిన పంది మాంసం. మూడూ కలిపినదీ దొరుకుతుంది. చీజుతో లొరొకో అనే తీగ మొగ్గలు కలిపినది నాకు అన్నిటికంటే ఇష్టం. పగుళ్లలోంచి చీజు కారి పెనానికి అంటుకుని కరకరలాడే అంచు కడుతుంది. దాన్ని పక్కవాడికి ఇచ్చే మనిషిని నేనింకా చూడలేదు. పైన వేసుకోవడానికి కుర్తీదో, అంటే వెనిగర్‌లో ఊరిన క్యాబేజీ, క్యారెట్, ఉల్లిపాయ, ఒరెగానో. ఫోర్కు అక్కర్లేదు, వాళ్లూ చేత్తోనే తింటారు.

మనం దుకాణంలో తెచ్చుకునే మొక్కజొన్న పిండితో ఇది కుదరదు, ముద్ద విరిగిపోతుంది. వాళ్లు గింజలను సున్నపు నీళ్లలో ఉడికించి, పొట్టు కడిగి రుబ్బుతారు. దాంతో పిండికి జిగురు వస్తుంది, గింజలోని నియాసిన్ అనే బి విటమిన్ కూడా ఒంటికి పడుతుంది. ఈ కిటుకు నేర్చుకోకుండా పంటను మాత్రమే పట్టుకుపోయిన యూరప్‌లో, మొక్కజొన్న మీదే బతికిన పేదలు ఆ విటమిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రా జబ్బు పాలయ్యారు.

మనవాళ్ల ఫిర్యాదు ఒక్కటే, కారం లేదని. బ్యాగులోంచి కారప్పొడి పొట్లం తీసే మిత్రులున్నారు నాకు. కుర్తీదో పులుపు, చీజు ఉప్పదనం, మొక్కజొన్న కమ్మదనం వేటికవే నాలుకకు తెలుస్తుంటే, వాటి మీద కారం చల్లితే ఇక మిగిలేది కారమే. శాకాహారులు మాత్రం ఒకటి కనుక్కోవాలి: చిక్కుడు గింజలను చాలాచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు. పైగా అన్నీ ఒకే పెనం మీద కాలతాయి. గట్టి పట్టింపు ఉన్నవాళ్లకు ఆ చోటు నప్పదు.

గ్వాటెమాలా వంటల్లో పెపియాన్ తిని తీరాలి. గుమ్మడి గింజలు, నువ్వులు, ఎండుమిరప, టమాటా విడివిడిగా మాడీ మాడకుండా వేయించి, నూరి, ఆ చిక్కటి పులుసులో కోడిని ఉడికిస్తారు. 2007లో ఆ దేశం తన సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించిన వంటల్లో ఇదొకటి. అన్నంతో ఇస్తారు కాబట్టి కారప్పొడి మిత్రులు కూడా నోరెత్తరు.

వడ్డించే ఆమెది గ్వాటెమాలాలోని కోబాన్ ప్రాంతం. ఆ పేరు వినగానే ఏలకులు గుర్తొచ్చాయి. మన పడమటి కనుమల్లో పుట్టిన ఆ మొక్కను ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో జర్మన్ కాఫీ తోటల యజమాని ఒకరు అక్కడ నాటాడు. ఇప్పుడు ప్రపంచానికి ఏలకులు ఎగుమతి చేసే దేశాల్లో గ్వాటెమాలా ముందు వరసలో ఉంది. మీ వంటల్లో ఎందులో వేస్తారని అడిగాను.

"చిన్నప్పుడు కోతకు వెళ్లేదాన్ని. ఇంట్లో ఎవరూ వాడేవారు కాదు. అరబ్బులు కాఫీలో వేసుకుంటారట కదా! మీరేం చేస్తారు?" అంది.

టీ, పాయసం, లడ్డు అంటే తలూపింది. మాంసంతో కలిపి బిర్యానీలో కూడా వేస్తామంటే మాత్రం నమ్మలేదు, నా పక్కనున్న మిత్రుణ్ణి అడిగి నిర్ధారించుకుంది. కాకిక్ అనే తమ ఊరి టర్కీ కోడి పులుసు ఆదివారాల్లోనే చేస్తారనీ, ఆలస్యంగా వస్తే దొరకదనీ చెప్పి బిల్లు తెచ్చింది.