నియాసినా, స్టాటినా: నా గుండె పరీక్షల సంగతి

నాకు 53 ఏళ్లు. కిందటేడు కార్తీకంలో అన్నవరం మెట్లెక్కుతుంటే రొమ్ము మధ్య బరువు పెట్టినట్టయింది, ఎడమ దవడ లాగింది, ఆగితే తగ్గింది, ఎక్కితే మళ్లీ వచ్చింది. ఈసీజీ నార్మల్. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 168, షుగర్ బోర్డర్‌లో ఉంది. మా నాన్న 56 ఏళ్లకే గుండెపోటుతో పోయారు కాబట్టి ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) చేస్తే బోర్డర్‌లైన్ పాజిటివ్ అన్నారు. అక్కడే యాంజియోగ్రామ్ చేసేస్తాం, బ్లాక్ ఉంటే వెంటనే స్టెంట్ వేసేస్తాం, సంతకం పెట్టండి అని కాగితాలు ముందు పెట్టారు. ఇంట్లో మాట్లాడుకుని వస్తామని చెప్పి ఇంకో కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లాం. ఆయన రిపోర్టులన్నీ ఓపిగ్గా చూసి, "అమ్మా, ఆడవాళ్లకి టీఎంటీలో లేని జబ్బు ఉన్నట్టు కనిపించడం ఎక్కువ. మీకు కూర్చున్నప్పుడు నొప్పి లేదు, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) నార్మల్. ముందు సీటీ యాంజియో, అంటే స్కానుతో గుండె నాళాలు చూసే పరీక్ష, చేసి చూద్దాం" అన్నారు. ఉట్టి కాల్షియం స్కోరు (గుండె నాళాల్లో పేరుకున్న కాల్షియం ఎంతో చెప్పే స్కాను) చాలదా అని అడిగాను. అది లక్షణాలు లేనివాళ్లకి బాగా పనికొస్తుందట. నొప్పి వస్తున్నవాళ్లకి స్కోరు సున్నా వచ్చినా, ఇంకా గట్టిపడని మెత్తటి కొవ్వు నాళంలో ఉండొచ్చు.

సీటీకి ముందు గుండె వేగం 60 దగ్గరికి తేవడానికి మాత్ర ఇచ్చారు, నాలుక కింద స్ప్రే కొట్టారు. నాళాలు కనపడేందుకు నరానికి ఇచ్చే మందు ఎక్కగానే గొంతు నుంచి పొట్ట దాకా వేడి పాకింది, ఊపిరి బిగబట్టమన్నారు, అంతే. కాల్షియం స్కోరు 142, ముందువైపు పెద్ద నాళంలో 40 శాతం అడ్డు. స్టెంట్ అక్కర్లేదు. మరి నొప్పి ఎందుకంటే, స్కానులో కనపడని సన్నటి నాళాలు సరిగ్గా సాగకపోయినా ఇలాగే వస్తుందని, ఆడవాళ్లలో ఇది అరుదేం కాదని చెప్పి బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు), ఆస్పిరిన్, రోసువాస్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల్లో ఒకటి) రాశారు.

అప్పుడే మా అన్నయ్య డాలస్ నుంచి వచ్చాడు. "స్టాటిన్‌తో కండరాలు పోతాయే, ఇది విటమిన్ బీ3, హాయిగా వేసుకో" అని నియాసిన్ సీసా ఇచ్చాడు. తను వేసుకున్న కాసేపటికి ఇడ్లీ తింటూ ఉండగానే చెవులు, మెడ, మొహం ఎర్రగా కందిపోయి చర్మమంతా మండుతోందన్నాడు. రోజుకి మనకి కావాల్సిన నియాసిన్ 14, 16 మిల్లీగ్రాములు. కొలెస్ట్రాల్ కోసం వేసుకునేది గ్రాము, రెండు గ్రాములు. ఆ మోతాదులో అది విటమిన్ కాదు, మందే.

అలాగని అన్నయ్య మాట గాల్లోంచి పుట్టలేదు. నియాసిన్ కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని 1955లోనే తేలింది. ఎల్‌డీఎల్ తగ్గిస్తుంది, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) బాగా పెంచుతుంది, రిపోర్టు చూస్తే ముచ్చటేస్తుంది. కానీ స్టాటిన్ వాడుతున్న 25,673 మందితో చేసిన హెచ్‌పీఎస్2-త్రైవ్ పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి: నియాసిన్ కలిపినా గుండెపోట్లు తగ్గలేదు, పైగా షుగర్, రక్తస్రావం, ఇన్ఫెక్షన్లు పెరిగాయి. అదే స్టాటిన్‌కి 1994 నాటి స్కాండినేవియా పరీక్ష ఉంది, గుండెజబ్బు ఉన్న 4,444 మందిలో మరణాలు 30 శాతం తగ్గాయి. స్టాటిన్ కూడా షుగర్ కొద్దిగా పెంచుతుంది, కాదనను. అయినా దానివల్ల ప్రాణాలు నిలిచాయని రుజువుంది. బోర్డర్ షుగర్ ఉన్న నాకు ఎటు మొగ్గాలో అర్థమైపోయింది.

స్టాటిన్ మొదలెట్టాక తొడలు పీకాయి. సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే రక్తపరీక్ష) నార్మల్. డాక్టరు కొన్నాళ్లు ఆపించి, చిన్న మోతాదుతో మళ్లీ మొదలుపెట్టించి, ఎజెటిమైబ్ అని కొలెస్ట్రాల్ తగ్గించే ఇంకో మందు కలిపారు. స్టాటిన్ పడక మానేసినవాళ్లతో లండన్‌లో చేసిన శాంసన్ అనే పరీక్షలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నప్పుడూ దాదాపు 90 శాతం బాధలు అలాగే వచ్చాయట. నొప్పి అబద్ధమని కాదు, నాకు నిజంగానే పీకింది. కానీ దానికి భయపడి మందు పారేయక్కర్లేదని అది చదివాకే ధైర్యమొచ్చింది. ఇప్పుడు ఎల్‌డీఎల్ 62, రోజూ గంట నడుస్తున్నా ఆ బరువు రావట్లేదు.

లైపోప్రోటీన్ ఏ (ఎల్‌డీఎల్ లాంటిదే, గుండెజబ్బు ముప్పు పెంచే ఇంకో కణం) కూడా చూపించుకున్నాను, డెసిలీటరుకి 74 మిల్లీగ్రాములు వచ్చింది, 50 దాటితే ఎక్కువ కిందే లెక్క. వంశపారంపర్యం కాబట్టి జీవితంలో ఒక్కసారి చూపించుకుంటే దాదాపు సరిపోతుంది. నియాసిన్ దీన్ని కూడా తగ్గిస్తుందిగా అన్నాడు అన్నయ్య. అంకె తగ్గుతుంది నిజమే, దానివల్ల గుండెకి మేలు జరిగిందని మాత్రం ఎవరూ చూపించలేదు. పిల్లలిద్దరికీ ఈ పరీక్ష చేయించాను. అన్నయ్యకి లక్షణాలేవీ లేవు కాబట్టి కాల్షియం స్కోరు చేయించుకోమని వెంటపడితే, డాలస్ వెళ్లాక అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు.