సింగపూర్ వెళ్లి చూసిన టీవీ

సింగపూర్ వెళ్లి ఫార్ములా వన్ కార్ల రేసు చూసి వచ్చానని బంధువులందరికీ చెప్పుకుంటున్నాను గానీ, నిజం చెప్పాలంటే అక్కడ నేను ఎక్కువసేపు చూసింది టీవీనే. పదంగ్ మైదానంలో కట్టిన స్టాండులో కూర్చుని, ఎదురుగా నిలబెట్టిన పెద్ద తెర కేసి మెడ సాచి చూశాను. దానికి ఎంత ఖర్చయిందో ఇంట్లో ఎవరికీ పూర్తి లెక్క చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

హైదరాబాద్ నుంచి రాత్రి విమానం, తెల్లవారి చాంగీలో దిగడం, మధ్యాహ్నం దాకా హోటల్ వాళ్లు గది ఇవ్వకపోవడం, ఇవన్నీ వెళ్లిన వాళ్లందరికీ తెలిసినవే. రేసు వారంలో లిటిల్ ఇండియాలోని ఇరుకు గదులకు కూడా రెక్కలొస్తాయి. కిటికీ లేని గదికి నేను కట్టిన అద్దెతో మామూలు రోజుల్లో సముద్రం కనిపించే గదిలో ఉండవచ్చట. ఈ మాట చెప్పింది ఆ హోటల్ కుర్రవాడే, అదీ డబ్బు కట్టించుకున్నాక. శుక్ర, శనివారాల గురించి రాయడానికి చెమట తప్ప ఏమీ లేదు. ఆ ఎండకు, ఉక్కకు రేసు అధికారులే భయపడి, 2025 నాటి ఈ రేసుకు వేడి ప్రమాద హెచ్చరిక ప్రకటించారు. ఫార్ములా వన్‌లో అలా ప్రకటించడం అదే మొదటిసారి. డ్రైవర్లకైతే చల్లటి నీరు పారే చొక్కాలు ఉన్నాయి. మాకు సీసా నీళ్లు, వాటి ధర చూస్తే ఇంకాస్త చెమట.

ఈ రేసు రాత్రి పూట ఎందుకు జరుగుతుందో నాకు చిన్నప్పటి నుంచీ టీవీ చూసిన అలవాటు వల్ల తెలుసు. ఎండ తప్పించుకోవడానికి అనుకునేవారు చాలామంది. అసలు సంగతి గడియారంలో ఉంది. సింగపూర్‌లో రాత్రి ఎనిమిదంటే లండన్‌లో మధ్యాహ్నం ఒంటిగంట, మిలాన్‌లో రెండు. యూరప్ జనం భోజనం చేసి సోఫాలో కూర్చునే వేళ. ఫార్ములా వన్‌కు డబ్బు తెచ్చే ప్రేక్షకులు అక్కడ ఉన్నారు కాబట్టి, 2008లో, ఫార్ములా వన్‌ను నడిపిన బెర్నీ ఎకిల్‌స్టోన్ హయాంలో, తొలి రాత్రి రేసు ఇక్కడ పెట్టారు. ఫుట్‌బాల్ మైదానాన్ని మించిన వెలుగు ఉండేలా, రేసు జరిగే ఊరి రోడ్ల పొడవునా దీపాలు కట్టారు. మా గుంటూరులో అప్పుడు సాయంత్రం ఐదున్నర. ఆ రోజుల్లో ఇటలీలోని మోంజా రేసూ ఐదున్నరకే, సింగపూర్ రేసూ ఐదున్నరకే. ఇంత దగ్గరి దేశంలో రేసు, అంత దూరపు దేశంలో రేసు మాకు ఒకే వేళకు ఎందుకు వచ్చేవో నేను, తమ్ముడు చాలాకాలం ఆలోచించనే లేదు. ఆ మొదటి రేసులోనే రెనో జట్టు తన డ్రైవర్ నెల్సన్ పికే జూనియర్ చేత కావాలని కారు గోడకు కొట్టించి, తన రెండో డ్రైవర్ అలాన్సోను గెలిపించింది. ప్రపంచమంతా టీవీలో కళ్లారా చూసింది, మళ్లీ మళ్లీ నెమ్మదిగా వేసి చూపించారు కూడా. అయినా సంగతి బయటపడడానికి ఇంచుమించు ఏడాది పట్టింది.

ఆదివారం మధ్యాహ్నం టెక్కా సెంటర్‌లో బిర్యానీ తింటుంటే పక్క కుర్చీ ఖాళీగా ఉందా అని ఒకాయన సైగ చేశాడు. కూర్చున్నాక ఫోనులో తెలుగు మాట్లాడాడు. పలాస దగ్గర పల్లె. ఆదివారం సెలవు కాబట్టి ఊరికి డబ్బు పంపి, కూరగాయలు కొనుక్కుని పోదామని వచ్చాడట.

“రేసుకా సార్ వచ్చారు?” అన్నాడు నా మెడలోని టికెట్టు చూసి.

అవునన్నాను. “ఆ కంచెలు కొన్ని మేము బిగించినవే” అన్నాడు, ఏదో మామూలు విషయం చెప్పినట్టు.

ఇక నేను వదల్లేదు. కొన్ని నెలల ముందు నుంచే పని మొదలవుతుందని, ముందు సిమెంటు దిమ్మెలు, వాటి మీద ఇనుప వల అని, ట్రాఫిక్ పలచబడే రాత్రి వేళల్లోనే ఎక్కువ పని అని చెప్పాడు. కెమెరా పెట్టే చోట వలలో కిటికీ వదలాలట. కొలత కాస్త తేడా వచ్చినా విప్పించి మళ్లీ కట్టిస్తారట. “జనం కూర్చునే చోట?” అని అడిగాను. “అక్కడ కిటికీ ఎందుకు సార్, ముక్క ఎగిరి వచ్చి తగిలితే?” అన్నాడు. నిజమే కదా. కానీ ఆ మాట నా బిర్యానీలో రాయిలా పడింది.

రేసు చూస్తావా అంటే నవ్వాడు. “గదిలో కుర్రాళ్లు ఫోనులో పెడతారు. కార్ల సంగతి నాకు తెలియదు. నేను కంచె చూస్తాను. ఎవడైనా గుద్దితే గుండె జారుతుంది. రాత్రికి రాత్రే మళ్లీ పిలుస్తారేమోనని.”

చేయి కడుక్కుని వస్తూ, నేను ఏ మూల కూర్చుంటానో అడిగాడు. పదంగ్ అన్నాను. “అక్కడ వల దట్టం” అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయాడు.

దట్టమే. వలలోంచి చూస్తే కారు కనిపించదు, రంగు కనిపిస్తుంది. ఎడమ నుంచి ఒక నారింజ గీత, దాని వెనుక ఎర్ర గీత, చెవుల్లో దూది పెట్టుకున్నా ఎముకల్లోకి దిగే మోత, అంతే. ఒకే జట్టు కార్లు రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి లోపల ఎవరున్నారో తెలియాలంటే డ్రైవర్ తల మీద ఉండే చిన్న కెమెరా డబ్బా రంగు చూడాలి. ఒకదానికి నలుపు, రెండోదానికి పసుపు. అంటే నా కళ్లముందు పోతున్న మనిషిని పోల్చుకోవడానికి కూడా టీవీ వాళ్ల సామానే దిక్కు.

గుంటూరులో తమ్ముడు ఆ సమయానికి యాప్‌లో చూస్తున్నాడు. స్టార్ స్పోర్ట్స్‌లో 2022తో ఫార్ములా వన్ ఆగిపోయాక మాకు యాప్‌లే గతి. వాడికీ నాకూ మధ్య ఆ సాయంత్రం ఒక విచిత్రం జరిగింది. కారు ముందు నా ఎదురుగా పోతుంది. కాసేపటికి అదే కారు తెర మీద పోతుంది. మరి అర నిమిషానికి తమ్ముడి నుంచి సందేశం వస్తుంది, ఆ కారు గురించే. ఇందులో మాయేమీ లేదు. ట్రాక్ చుట్టూ ఉన్న కెమెరాల చిత్రాలన్నీ ఇంగ్లండ్‌లో కెంట్ వైపు ఉన్న బిగ్గిన్ హిల్‌కు పోతాయి. కరోనా ఏడాది 2020 నుంచి ప్రసారం కూర్చే పని చాలావరకు అక్కడికి మారింది. ఏది చూపాలి, ఏది వదలాలి అన్నది అక్కడ తేలుతుంది. ఈ చిత్రాల రవాణా బాధ్యత మన టాటా కమ్యూనికేషన్స్‌దే. నా ముందు పోయిన కారు ఇంగ్లండ్ వెళ్లి వచ్చి నా ముందున్న తెర మీద మళ్లీ పోవడం, దానికి నేను టికెట్టు కొనడం.

మొదటి ల్యాప్‌లో, అంటే ట్రాక్ మొదటి చుట్టులో, నోరిస్ అనే డ్రైవర్ వెర్‌స్టాపెన్ కారుకు తగిలి, తన జట్టు వాడైన పియాస్ట్రీకీ తగిలాడు. అది జరిగింది మాకు కనబడని మలుపులో. తెర మీద చూశాను, మోతలో వ్యాఖ్యానం ఒక్క ముక్క వినబడలేదు. పియాస్ట్రీ రేడియోలో ఏమని వాపోయాడో తమ్ముడు రాసి పంపితే తెలిసింది. చిన్నప్పుడు కేబుల్ అబ్బాయి ఆదివారం సరిగ్గా రేసు వేళకే సినిమా చానల్ కోసం స్టార్ స్పోర్ట్స్ లేపేస్తే ఏడ్చేవాళ్లం. 2005లో అమెరికాలో టైర్ల గొడవ వల్ల పద్నాలుగు కార్లు పిట్‌లోకి, అంటే కార్లు ఆగే చోటికి, తిరిగి వెళ్లిపోయి, మిగిలిన ఆరింటిలో మన నారాయణ్ కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చిన రాత్రి, పొద్దుపోయిందని నాన్న టీవీ ఆపేశారు. మరునాడు పేపర్లో చూసి తెలుసుకున్నాం. అప్పుడు కూడా ఇంత గుడ్డిగా అనిపించలేదు.

నడిమి ల్యాపులన్నీ అలాగే పోయాయి. రసెల్ ముందు, వెర్‌స్టాపెన్ వెనుక, మొత్తం 62 ల్యాపులు. నా పక్కన మలేషియాలోని జొహోర్ నుంచి వచ్చిన పెద్దాయన, వాళ్ల దేశంలోని సెపాంగ్ రేసు 2017తో ఆగిపోయాక, ఇక్కడ రేసు జరిగిన ప్రతి ఏడాదీ వస్తున్నాడట. చెవిలో రేడియో పెట్టుకుని, చేతిలో కాగితం మీద వరుస నంబర్లు రాసుకుంటున్నాడు. తెర కేసి ఒక్కసారి చూడలేదు.

చివరికి వచ్చేసరికి ఆయన కాగితం విలువ తెలిసింది. విలియమ్స్ జట్టు నీలం కారు, డ్రైవర్ సైన్జ్‌ది, వచ్చిన ప్రతిసారీ దాని ముందున్న కారు మారుతోంది. అర్హత పోటీ నుంచి వేటు పడి వెనుక నుంచి బయలుదేరినవాడు, కొత్త టైర్లతో ఒక్కొక్కరినీ దాటుకుంటూ వస్తున్నాడు. పెద్దాయన కొట్టివేసి మళ్లీ రాస్తున్నాడు. ఇంతలో హామిల్టన్ ఎర్ర కారు వచ్చింది, నడకలా. వలలోంచి కూడా కారు ఆకారం మొదటిసారి పూర్తిగా కనిపించింది, అంత నెమ్మది. బ్రేకులు చచ్చిపోయాయని తర్వాత తెలిసింది. అంతకు ముందు ల్యాపుల్లో ఎంతో వెనుక ఉన్న అలాన్సో ఆకుపచ్చ కారు ఇప్పుడు దాదాపు దాని తోక పట్టుకుంది. స్టాండంతా లేచి నిలబడింది. నేను తల ఎత్తి తెర చూశాను. గ్యారేజీలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఒక అందమైన అమ్మాయి గోళ్లు కొరుక్కుంటోంది.

“హామిల్టన్ పని అయిపోయింది, అలాన్సో వచ్చేశాడు” అని తమ్ముడికి కొట్టాను. “ఏదీ, ఇక్కడ ఏమీ లేదే” అని జవాబు. ఆ ఒక్క నిమిషం కోసం పెట్టిన డబ్బంతా వసూలైందనిపించింది. హామిల్టన్ అర సెకను తేడాతో గీత దాటాడు గానీ, మలుపులు కోసి దాటినందుకు అయిదు సెకన్ల శిక్ష పడి అలాన్సో కంటే ఒక స్థానం వెనుకబడ్డాడు. సైన్జ్ పదో స్థానంలో వచ్చి ఒక పాయింటు సంపాదించాడు. రసెల్ గెలిచాడు, మెక్‌లారెన్ జట్ల పట్టం గెలిచింది, టపాసులు పేలాయి, మెట్రో స్టేషన్ దాకా గంటన్నర పాకాం.

కొద్ది రోజుల తర్వాత సైన్జ్ స్పెయిన్ రేడియోలో ఇదే గోల పెట్టాడు. చివరి ల్యాపుల్లో తను దాటిన కార్లను చూపలేదని, అలాన్సో వేటనూ చూపలేదని, డ్రైవర్ల ప్రియురాళ్లనూ ప్రముఖులనూ చూపించడం శ్రుతి మించిందని. ఆ వార్త చదవగానే సాక్ష్యం దొరికినట్టు తమ్ముడికి పంపాను. వాడి జవాబు వెంటనే వచ్చింది: “వాళ్లను చూపించబట్టే అన్నయ్యా, నీ మరదలు రిమోట్ లాక్కోకుండా రెండు గంటలు కూర్చుంది. నువ్వు ఊరుకో.”