కేదార్‌కంఠ బేస్ క్యాంపులో తలనొప్పి

గుంటూరు సముద్రమట్టానికి సుమారు 30 మీటర్ల ఎత్తు. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం 3,800 మీటర్లు. సాంక్రీ అనే ఊళ్లో మొదలై, 9,100 అడుగుల ఎత్తున ఉన్న జూడా కా తాలాబ్ చెరువు దగ్గర ఒక రాత్రి, మర్నాటికి 11,000 అడుగులు దాటిన బేస్ క్యాంపు. అంటే ఒక్క పగట్లో సుమారు 600 మీటర్లు. సూర్యోదయం చూడాలంటే అక్కణ్ణుంచి తెల్లవారుజామున మూడింటికల్లా కదలాలి.

నాకు క్యాంపు చేరిన సాయంత్రమే కణతలు పోటెత్తాయి. ముద్ద దిగలేదు, కడుపులో తిప్పింది. ఎండ తగిలిందనో, గ్యాస్ అనో సర్దిచెప్పుకోవడం మనకు అలవాటే. ఆ ఎత్తులో తలనొప్పికి తోడు వికారమో నీరసమో తలతిరుగుడో ఉంటే, ఇంకో కారణం తేలేదాకా ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ (ఎత్తులో గాలి పలచబడి వచ్చే జబ్బు) అనే అనుకోవాలి.

కొండపల్లి, కొండవీడు ఎక్కితే కాళ్లకూ దమ్ముకూ మంచిదే. ఎత్తు మాత్రం అలవాటు కాదు. శిఖరం మీద గాలి పీడనం ఇక్కడి దాంట్లో మూడింట రెండొంతులకన్నా కాస్త తక్కువ. ఒంట్లో సత్తువ ఉందని గబగబా ఎక్కేవాళ్లే ముందు పడిపోతుంటారు.

గైడ్ నన్ను మడమకు బొటనవేలు ఆనిస్తూ తిన్నగా నడిపించాడు. తూలితే మెదడు వాపు. కూర్చున్నా ఆయాసం ఆగకపోతే ఊపిరితిత్తుల్లో నీరు. ఏదున్నా ఆ అర్ధరాత్రే దిగాలి. నేను తూలలేదు కాబట్టి పారాసిటమాల్, గుక్కగుక్కగా నీళ్లతో రాత్రి అక్కడే గడిచింది. శిఖరం మాత్రం రద్దు. రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటరు చల్లబడ్డ వేలికి తప్పు అంకె చూపిస్తుంది, చెయ్యి వెచ్చబడ్డాకే పెట్టాలి.

ఈ జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర ముందుజాగ్రత్తకైతే ఎక్కే ముందురోజు నుంచి 125 మిల్లీగ్రాములు, రెండు పూటలా. జబ్బు మొదలయ్యాకైతే 250. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువవుతుంది, సోడా చప్పగా ఉంటుంది (భయపడక్కర్లేదు). ఆ మాత్ర మింగి, తలనొప్పితోనే పైకెక్కడం మాత్రం ప్రమాదం. నిద్రమాత్రలు, మద్యం అసలే వద్దు.

పొద్దున్నే దిగాం. జూడా కా తాలాబ్ చేరేసరికి ఆకలేసింది, సాంక్రీలో తలనొప్పి లేదు. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువని గుంటూరు డాక్టరుగారు చెప్పారు. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదట. అందుకే ఈసారి సాంక్రీలో ఒక రాత్రి అదనంగా, జూడా కా తాలాబ్ దగ్గర రెండు రాత్రులు, బేస్ క్యాంపు కాస్త కిందగా. బ్యాచ్ ట్రెక్కుల్లో ఇది కుదరదు, గైడ్‌ని విడిగా మాట్లాడుకోవాలి.