కొత్తిమీర కోసం వెళ్ళి గాదెస్‌ని చూసొచ్చా

శనివారం. పదింటికి లేచా. వారమంతా రిలీజ్ గోల, రాత్రి పన్నెండు దాకా లాప్‌టాప్ ముందు కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది, ఫ్రిజ్ తీస్తే సగం కోసిన నిమ్మకాయ, అడుగంటిన పెరుగు డబ్బా, నల్లబడిపోయిన పుదీనా తప్ప ఏం లేవు. పప్పు వండుకుని రెండ్రోజులు తోసేద్దాం అనుకున్నా కానీ పప్పులో కొత్తిమీర లేకపోతే నాకు ముద్ద దిగదు. ఇక్కడ మాడ్రిడ్ సూపర్‌మార్కెట్లలో కొత్తిమీర అంటే ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు రెమ్మలు పెట్టి అమ్ముతారు, అది చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది, కాబట్టి కట్ట కావాలంటే లవాపియెస్ పేటలో బంగ్లాదేశ్ వాళ్ళ కొట్లకి పోవాల్సిందే.

బట్టలు మెషీన్లో వేసి, ఆరేసి, ఇల్లు తుడిచి, మధ్యలో ఫోన్ చూస్తూ పడుకుని, మొత్తానికి బయటపడేసరికి నాలుగైంది. కొత్తిమీర రెండు కట్టలు, పచ్చిమిర్చి, కందిపప్పు కిలో. సంచీ మోసుకుంటూ సాంతా ఇసబెల్ వీధి ఎక్కుతూ వస్తుంటే అంటోన్ మార్తిన్ మార్కెట్ దగ్గర పైనుంచి ఆ చప్పుడు. దబదబదబ, ఆగి, మళ్ళీ దబ. వచ్చిన కొత్తలో పైన ఎవరో గోడ పగలగొడుతున్నారేమో అనుకునేదాన్ని. కింద చేపలు, మాంసం, ఆలివ్‌లు అమ్ముతుంటారు, పై అంతస్తులో అమోర్ దె దియోస్ అని ఫ్లమెంకో స్కూల్, ఫ్లమెంకో అంటే కాళ్ళతో నేల దద్దరిల్లేలా ఆడే స్పెయిన్ డాన్స్. అంతకుముందు అదే పేరున్న వీధిలో ఉండేదట, పెద్ద పెద్ద డాన్సర్లంతా అక్కడే రిహార్సల్స్ చేసుకునేవాళ్ళట. చేపల వాసన మధ్య నిలబడి లెక్క వినడం నాకు శనివారం అలవాటు. బులేరియా అని ఫ్లమెంకోలో ఒక తాళం, దానికి పన్నెండు మాత్రలు, లెక్క కూడా పన్నెండు నుంచే మొదలుపెడతారు, పన్నెండు ఒకటి రెండు మూడు అని, దెబ్బ పడేది పన్నెండు, మూడు, ఆరు, ఎనిమిది, పది దగ్గర. అంటే మూడు మూడు రెండు రెండు రెండు. మొదట్లో మా కూచిపూడి బుర్రతో రూపకం రెండుసార్లు వేస్తే సరిపోతుంది కదా అనుకున్నా, సరిపోదు, మొత్తం ఒకటే కానీ దెబ్బలు పడే చోట్లు వేరు, చేతి మీద వేసుకుంటూ పోతే ఎనిమిది దగ్గరకొచ్చేసరికి నేనెప్పుడూ తప్పిపోతా.

మార్కెట్ పక్కనే దొరె సినిమా హాలు, ప్రభుత్వ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళది, టికెట్ మూడు యూరోలు. బోర్డు మీద బోదాస్ దె సాంగ్రె, అంటే నెత్తుటి పెళ్ళి, అని ఉంది, కార్లోస్ సౌరా సినిమా, 1981. అయిదున్నర షో. ఇందులో ఆడిన ఫ్లమెంకో డాన్సర్ గాదెస్ అంటే నాకు తెలుసు, ఆయన కార్మెన్ సినిమా లాప్‌టాప్‌లో రెండుసార్లు చూశా, కానీ ఇది చూడలేదు. కందిపప్పు సంచీతో సినిమాకి వెళ్తారా ఎవరైనా అనుకుంటూనే టికెట్ తీసుకున్నా. సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే హాలంతా కొత్తిమీర వాసన. పక్క సీట్లో ఒక ముసలావిడ నా వైపు చూసి, సంచీ వైపు చూసి, ఏమీ అనకుండా నవ్వింది.

ఈ సినిమాలో కథ మొదలవ్వడానికి చాలాసేపు పడుతుంది. డాన్సర్లు వస్తారు, బ్యాగులు పెడతారు, మేకప్ అద్దాల ముందు కూర్చుంటారు, ఫోటోలు అతికించుకుంటారు, ఒకళ్ళతో ఒకళ్ళు జోకులేసుకుంటారు. గాదెస్ అద్దంలో మొహం చూసుకుంటూ మేకప్ వేసుకుంటుంటే తను డాన్స్‌లోకి ఎలా వచ్చాడో ఆయన గొంతే వినిపిస్తుంటుంది. తర్వాత వార్మప్. తర్వాత మామూలు రిహార్సల్ హాల్లో, సెట్లు లేకుండా, కిటికీల వెలుతుర్లో మొత్తం బాలే ఒక్క ఊపున. అంతా కలిపి గంటంపావు లోపే. ప్రోగ్రాం రోజు గ్రీన్ రూమ్‌లో పాన్‌కేక్ రాసుకుంటూ గజ్జెలు కట్టుకుంటూ కూర్చున్నవాళ్ళకి ఆ మొదటి అరగంట ఏంటో తెలుస్తుంది, నాకైతే కడుపులో అదే తిప్పుడు మళ్ళీ వచ్చింది, పదిహేనేళ్ళ తర్వాత.

గాదెస్ అసలు పేరు అంతోనియో ఎస్తెవె. 1936 నవంబర్లో ఎల్దాలో పుట్టాడు, అలికాంతె వైపు. ఎల్దా అంటే బూట్లు తయారుచేసే ఊరు, ఊరంతా అదే పని. బూటు మడమతో పేరు తెచ్చుకున్నవాడు పుట్టింది బూట్ల ఊళ్ళో అని ఎవరైనా కథలో రాస్తే మరీ అతిగా ఉంది తీసెయ్ అంటారు. అప్పటికి సివిల్ వార్ మొదలై నాలుగు నెలలు, ఈ బోదాస్ దె సాంగ్రె నాటకం రాసిన లోర్కాని కాల్చి చంపేసి మూడు నెలలు. నాన్న రిపబ్లిక్ తరఫున పోరాడినవాడు, అంటే ఓడిపోయిన పక్షం. కుటుంబం మాడ్రిడ్ వచ్చేసింది, పిల్లాడు పదకొండేళ్ళకే బడి మానేసి ఫోటో స్టూడియోలో, పేపర్ ఆఫీసులో చిన్నాచితకా పనులు. కళ మీద ప్రేమతో కాదు, ఆకలితోనే డాన్స్‌లోకి వచ్చానని ఆయనే చెప్పుకునేవాడు. నాకిది నచ్చుతుంది, మనవాళ్ళ ఇంటర్వ్యూల్లో అందరికీ మూడో ఏటే నటరాజు కల్లోకొచ్చి ఉంటాడు.

పిలార్ లోపెజ్ అనే పెద్ద డాన్సర్ ఆ కుర్రాణ్ణి తన కంపెనీలో తీసుకుంది, పదిహేను పదహారేళ్ళప్పుడు. గాదెస్ అన్న పేరు పెట్టింది కూడా ఆవిడే. కాదిజ్ ఊరికి రోమన్ల కాలం నాటి పేరు అది. ఫ్లమెంకోకి పుట్టిల్లయిన ఆండలూసియాలో పుట్టలేదు, జిప్సీ కాదు, పేరు మాత్రం ఆండలూసియాలోకెల్లా పాత ఊరిది. ఒకసారి ఫోన్లో అమ్మకి ఈయన గురించి చెప్తే "గాదె వాళ్ళబ్బాయా, ఏ ఊరు?" అంది. కాదమ్మా స్పెయిన్ అన్నా. "ఓహో" అని ఊరుకుంది, కానీ నమ్మినట్టు లేదు.

పిలార్ కంపెనీ నుంచి బయటికొచ్చాక ఇటలీ వెళ్ళాడు, రోమ్‌లో మిలాన్‌లో ఒపేరా హౌసుల్లో పని చేశాడు. అసలు మలుపు అక్కడే అని నా అనుమానం. ఫ్లమెంకో అంటే అప్పటికి టూరిస్టులకి చుక్కల గౌన్లు, గులాబీపువ్వు, ఓలే ఓలే. ఒపేరా స్టేజ్ మీద కథ మొత్తం కాళ్ళతో చేతులతో చెప్పాలి, పాతికమందిని ఒకేసారి కదపాలి, ఎవరు ఎప్పుడు కదలకూడదో కూడా చూసుకోవాలి. ఆ ఇటలీలోనే, రోమ్‌లో, 1974లో బోదాస్ దె సాంగ్రె మొదటి ప్రదర్శన. చివర్లో ఫువెంతె ఒవెహూనా అని చేశాడు, లోపె దె వేగా నాటకం, ఊరి మీద జులుం చేసే దొరని ఊరంతా కలిసి చంపేసి, ఎవరు చంపారని హింసలు పెట్టి అడిగితే ఫువెంతె ఒవెహూనా చంపింది అని ఊరి పేరు చెప్తారు. అది కూడా 1994లో ఇటలీలోనే, జెనోవా ఒపేరా హౌస్‌లో.

సరే సినిమా. కథ చిన్నది. పెళ్ళిరోజు పెళ్ళికూతురు పాత ప్రేమికుడితో లేచిపోతుంది, వాడికి అప్పటికే పెళ్ళాం పిల్లాడు, పెళ్ళికొడుకు వెంటపడతాడు, అడవిలో మగాళ్ళిద్దరూ కత్తులతో ఒకర్నొకరు చంపుకుంటారు. అల్మెరియా దగ్గర నీహార్‌లో 1928లో నిజంగా జరిగిన దాన్నిబట్టి లోర్కా రాశాడు. ప్రేమికుడు గాదెస్, పెళ్ళికూతురు క్రిస్తీనా ఓయోస్. పెళ్ళి ఫోటో దిగే చోట అందరూ బిగుసుకుపోయి నిలబడతారు, అంతసేపు డాన్స్ చూసిన కళ్ళకి ఆ నిలబడటం దగ్గర ఊపిరి ఆగుతుంది. ఇంక కత్తుల పోట్లాట. సంగీతం ఆపేశారు. గిటార్ లేదు పాట లేదు. ఇద్దరూ స్లో మోషన్‌లో కొట్టుకుంటారు, కెమెరా ట్రిక్ కాదండీ, నిజంగా ఒంటితోనే స్లో మోషన్, బూటు నేలమీద జారే చప్పుడు, ఊపిరి చప్పుడు. కత్తి చెయ్యి ఒక్కో అంగుళం వెళ్తుంటే వద్దు వద్దు అనిపిస్తుంది, ఆపడానికి బోలెడు టైం ఉన్నట్టుంటుంది, అయినా ఎవరూ ఆపరు. ఎంతసేపు సాగిందో చూసుకోలేదు, ఒళ్ళో సంచీ హ్యాండిల్ ఎప్పుడు పట్టుకున్నానో ఏమో వేళ్ళకి గీతలు పడ్డాయి.

అది చూస్తుంటే మా మాస్టారు గుర్తొచ్చారు. ఏలూరులో ఏడేళ్ళు నేర్చుకున్నా, నాకేమీ గొప్ప ఇష్టం కాదు, అక్క వెళ్తోందని నన్నూ పంపారు. కాలు గట్టిగా కొట్టడం మాత్రం నాకు బాగా వచ్చు, చప్పట్లు దానికే పడతాయి కదా. తీర్మానం, అంటే చివరి అడుగుల వరస, అయిపోయాక నేను ఆగలేకపోయేదాన్ని, ఒళ్ళు ఊగుతూనే ఉండేది, కళ్ళు అటూ ఇటూ తిరిగేవి. మాస్టారు కర్ర బల్లమీద కొట్టి "అయిపోయిందమ్మా, ఆగు. ఆగడం కూడా నేర్పించాలా?" అనేవారు. నేర్పించాలి మాస్టారూ, నిజంగానే నేర్పించాలి, అప్పుడు మీరు వెటకారంగా అన్నారు గానీ.

గాదెస్‌కి ఈ ఆగడం విసెంతె ఎస్కుదేరో అనే పాతతరం డాన్సర్ దగ్గర్నుంచి వచ్చింది. ఆయన మగాళ్ళ డాన్స్‌కి 1951లో పది సూత్రాలు రాసిపెట్టాడు, నడుము కదపొద్దు, మణికట్టు లోపల్నుంచి బయటికి తిప్పు, వేళ్ళు దగ్గరగా పెట్టు, ఇలా. మరీ చాదస్తం అనిపిస్తుంది చదివితే. గాదెస్ చెయ్యి పైకెత్తి ఊరికే నిలబడినప్పుడు చూస్తే చాదస్తం అనిపించదు.

కార్మెన్ సంగతి కూడా రాసుకోవాలి, మర్చిపోతా. బిజె అనే ఫ్రెంచి సంగీతకారుడి ఒపేరా అది, 1875 మార్చి 3న పారిస్‌లో మొదటిసారి ఆడింది, జనానికి నచ్చలేదు, సరిగ్గా మూడు నెలలకి బిజె పోయాడు, ముప్ఫయ్యారేళ్ళకి, తర్వాత ప్రపంచమంతా ఆడుతుందని తెలీకుండానే. స్పెయిన్ వాళ్ళకి ఆ కార్మెన్ అంటే కొంచెం చిరాకే, ఫ్రెంచివాడు ఊహించుకున్న స్పెయిన్ అని. గాదెస్ సౌరా కలిసి 1983లో దాన్ని సినిమా చేసి, అదే ఏడు స్టేజ్ మీదికి పారిస్‌లోనే తెచ్చారు, ఎక్కడ పోయిందో అక్కడే వెతుక్కున్నట్టు. సినిమాలో ఒక సీనుంది, టేప్‌లో ఒపేరా పాట వస్తుంటుంది, దీనికి ఆడటం కష్టం అని పాకో దె లూసియా గిటార్ తీసుకుని అదే పాటని బులేరియాలోకి మార్చి వాయిస్తాడు. నేను వెనక్కి తిప్పి తిప్పి చూసిన సీన్ అదే. అంత పెద్ద ఆర్కెస్ట్రా పాట నాలుగు కుర్చీల మధ్యకొచ్చి కూర్చుంటుంది. పొగాకు ఫ్యాక్టరీ ఆడవాళ్ళ సీన్ ఇంకోటి, బల్లల మీద చేతులతో కొడుతూ మొదలెడతారు, గొడవ కత్తి దాకా పోతుంది. సెవిల్లాలో ఆ ఫ్యాక్టరీ బిల్డింగ్ ఇప్పుడు యూనివర్సిటీ, నేను వెళ్ళినప్పుడు పిల్లలు మెట్లమీద కూర్చుని చిప్స్ తింటున్నారు.

హాల్లోంచి బయటికొచ్చేసరికి ఇంకా ఎండ. మెట్రో దగ్గర కంచు విగ్రహం, ఒకళ్ళనొకళ్ళు వాటేసుకున్న మనుషులు, 1977 జనవరిలో అతోచా వీధి ఆఫీసులో కాల్చి చంపిన లేబర్ లాయర్ల గుర్తుగా పెట్టింది. రోజూ దాని పక్కనుంచే పోతా, ఇవాళ మాత్రం ఆగా. గాదెస్ కూడా ఆ రోజుల మనిషే. 1975 సెప్టెంబర్లో, నియంత ఫ్రాంకో ఇంక రెండు నెలల్లో పోతాడనగా అయిదుగురికి మరణశిక్ష అమలు చేస్తే, నిరసనగా కంపెనీనే రద్దు చేసేశాడు. ఊరేగింపులో నడవడం వేరు, చేతిలో ఉన్న పని ఆపేయడం వేరు. 1978లో కొత్తగా పెట్టిన నేషనల్ బాలేకి మొదటి డైరెక్టర్‌ని చేశారు, 1980లో తీసేశారు, ఆయన వెనకే కొంతమంది డాన్సర్లు కూడా బయటికొచ్చేసి సొంతంగా గుంపు కట్టారు. తీసెయ్యకపోతే సౌరా సినిమాలు వచ్చేవో రావో. 2004 జులైలో పోయాడు, కాన్సర్. అస్థికలు క్యూబాలో ఉన్నాయి, ఆయన కోరికే అది. క్యూబా మీద అంత మోజేంటో నాకు పూర్తిగా మింగుడుపడదు గానీ, ఆకలి చూసినవాడి రాజకీయాలు నా ఫ్రిజ్ ముందు నిలబడి నేను తూకం వెయ్యడం కూడా బాగుండదు.

ఇంటికొచ్చి కందిపప్పు కడిగి కుక్కర్ పెట్టా. నాలుగు విజిల్స్ కావాలి. ఈలోపు వంటగదిలో ఆ కత్తి చెయ్యి చేసి చూద్దాం అనిపించింది, గరిటె పట్టుకుని. కుడిచెయ్యి నడుం దగ్గర్నుంచి భుజం ఎత్తుకి, పన్నెండు లెక్కలో. సులువే అనుకుంటాం. అయిదు దగ్గర చెయ్యి వణికింది, ఏడు దగ్గర తెలీకుండానే తొందరపడ్డా, మోకాలు కొంచెం వంచి ఉంచాలి కదా అది మంట. మళ్ళీ మొదట్నుంచి. మూడో విజిల్‌కి మొదటిసారి పన్నెండు దాకా వెళ్ళా, వెళ్ళి ఆగా, ఊగకుండా.

అప్పుడే అమ్మ వీడియో కాల్, అక్కడ పదకొండు దాటింది, నిద్ర పట్టలేదట. "ఏం చేస్తున్నావే?"

"నిలబడ్డానమ్మా."

"నిలబడి?"

"ఏం లేదు, ఊరికే నిలబడ్డా."

"ఆ గరిటె ఏంటే పైకెత్తి? స్టవ్ చూడు, పప్పు పొంగుతోంది."